పగిలిన ఎర్ర గ్లాసు



కారు వెనక లైటు గ్లాసు పగిలినప్పుడు చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. "బల్బు వెలుగుతోంది కదండీ, గ్లాసుదేముంది, తీరిగ్గా చూద్దాం." ఆ తీరిక ఒక పట్టాన దొరకదు. సంక్రాంతికి పగిలిన గ్లాసు ఉగాదికీ అలాగే ఉంటుంది. మధ్యలో ఏదో పెళ్ళికి వెళ్ళి, భోజనాలయ్యాక అర్ధరాత్రి అదే బండిలో తిరిగి రావడమూ అయిపోతుంది.

చిక్కంతా "బల్బు వెలుగుతోంది కదా" అన్న ధీమాలోనే ఉంది. బల్బుతో వెలిగే వెనక లైట్లలో లోపలుండేది మామూలు తెల్ల బల్బు. ఎరుపంతా పైనున్న ప్లాస్టిక్‌ది. ఆ ప్లాస్టిక్ ముక్క ఊడిపోయిన చోటు నుంచి వెనక్కి తెల్ల వెలుతురు కొడుతుంది. చీకట్లో తెలుపు కనిపిస్తే వెనకొచ్చే డ్రైవరు ఏమనుకుంటాడు? బండేదో ఎదురొస్తోందనుకుంటాడు, లేదా రివర్సులో వెనక్కి వస్తోందనుకుంటాడు. మీరేమో ముందుకు పోతున్నారు. బ్రేకు తొక్కితే ఆ తెలుపు ఇంకా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల మీద వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు ముందుకొస్తుంది, అంటే దగ్గర దగ్గర రెండు ఆర్టీసీ బస్సుల పొడవు. వెనకవాడు "ఇదేమిటబ్బా" అని ఒక్క సెకను తటపటాయిస్తే ఆ మేరకు దూరం తరిగిపోయినట్టే.

కాబట్టి గ్లాసు పగలడమంటే లైటు మూత పోవడం కాదు, లైటు అబద్ధం చెప్పడం మొదలుపెట్టిందన్నమాట. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా పొద్దుగూకిన అరగంట నుంచి తెల్లవారడానికి అరగంట ముందు దాకా బండి వెనక వైపు ఎర్ర దీపమే కనపడాలంటాయి. ఏదో ఒక దీపం ఉంటే సరిపోతుందనలేదు.

ఇది ఇంటి దగ్గర మనమే మార్చుకోగలమా అంటే, బండిని బట్టి ఉంటుంది. వెనక్కి వెళ్ళి లైటును తేరిపార చూడండి. గ్లాసు మీద బయటికే స్క్రూ తలలు కనిపిస్తున్నాయా? అయితే గ్లాసు విడిగా ఊడుతుంది, బజారులో విడిగా దొరుకుతుంది, పని మీదే. మారుతి ఆమ్నీ వ్యాను అలాంటిది. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయినా మన ఊళ్ళలో బడి పిల్లల్ని దింపేవి, క్యాటరింగ్ గిన్నెలు మోసేవి, పూల బుట్టలు తెచ్చేవి ఇంకా ఆ వ్యాన్లే. పాత జీపులు, ఆటోలు, ట్రాక్టరు ట్రక్కులు కూడా ఈ కోవలోవే. ఇవాళ్టి మాటలు ప్రధానంగా వాటి యజమానులకు.

కొత్త కార్ల సంగతి వేరు. వాటిలో గ్లాసునూ వెనక డొప్పనూ ఫ్యాక్టరీలోనే వేడితోనో, ప్రకంపనలతోనో ఒకటిగా అతికేస్తారు. స్క్రూ అన్నది కనపడదు. గ్లాసు చిట్లితే మొత్తం సెట్టు మార్చాల్సిందే. తమాషా ఏమిటంటే పని మాత్రం ఇంకా తేలిక. డిక్కీ తెరిస్తే లోపలి వైపు నట్లుంటాయి, అవి విప్పి, వైరు కప్లరు లాగేస్తే సెట్టు చేతికొస్తుంది. బరువంతా జేబు మీదే. ఇక ముందు హెడ్‌లైటు విషయానికొస్తే, దాని పారదర్శక ముఖాన్ని సాగే గుణమున్న జిగురుతో డొప్పకు బిగిస్తారు. దాన్ని అవెన్‌లో పెట్టి వేడిచేసి విప్పి, కొత్త ముఖం అతికించే వీడియోలు చూసే ఉంటారు. చేసినవాళ్ళు చేస్తున్నారు, కాదనను. కానీ కేకులు చేసుకునే అవెన్‌లో దుమ్మూ గ్రీజూ పట్టిన కారు లైటు పెట్టడం నాకు రుచించదు. పైగా అతుకు ఏ మూల కాస్త తేడాగా కూర్చున్నా తొలి వానకే లోపల నీళ్ళు నిలుస్తాయి.

సరే, వెనక గ్లాసుకే వద్దాం. దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూస్తే ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. బయటి వైపు నున్నగా, లోపలి వైపు గళ్ళు గళ్ళుగా, గీతలు గీతలుగా ఉంటుంది. ఆ గళ్ళు అలంకారానికి కాదు. ఒక చిన్న బల్బు వెలుగును పక్కలకూ, కాస్త కిందికీ పరిచేవి అవే. నున్నటి వైపు బయటికి ఎందుకంటే, దుమ్ము పట్టకుండా, తుడవడానికి వీలుగా. చౌకరకం నకిలీ గ్లాసుల్లో ఆ గళ్ళు పలచగా, మొద్దుబారి ఉంటాయి. అటువంటిది బిగిస్తే సూటిగా వెనక నుంచి చూసినప్పుడు లైటు బాగానే మండుతున్నట్టుంటుంది, రెండడుగులు పక్కకు జరిగితే వెలవెలబోతుంది.

చాలా గ్లాసుల్లో ఒక మూల ఇంకో రకం నగిషీ ఉంటుంది, తేనెపట్టులా చిన్న చిన్న మూలలతో. అది రిఫ్లెక్టరు. ఒక్కో గుంటలో మూడు తలాలు ఒకదానికొకటి లంబంగా కలుస్తాయి. అటువంటి మూలలో పడ్డ కాంతి ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ దిక్కుకే తిరిగి వెళ్తుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పలకలో ఉన్నవీ ఈ సూత్రం మీద పనిచేసేవే, 100 గాజు మూలలు. భూమి మీది నుంచి లేజరు కొడితే ఇప్పటికీ వెలుగును వెనక్కి పంపుతున్నాయి. మన వ్యాను వెనకున్నది దానికి పేద చుట్టం. దీని గొప్పేమిటంటే కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ దిగిపోయి, విజయవాడ రహదారి మీద చీకట్లో బండి పక్కన ఆపుకున్నా, వచ్చేవాడి హెడ్‌లైటు వెలుగు వాడి కళ్ళకే తిరిగి కొట్టి "ఇక్కడ బండి ఉంది" అని చెప్పేది ఆ మూల ఒక్కటే. గ్లాసు పగిలినప్పుడు ఆ ముక్క కూడా పోయిందేమో చూసుకోండి. కోతల రోజుల్లో వడ్ల బస్తాలతో రోడ్డు పక్కన ఆగి ఉండే ట్రక్కులకు ఈ రిఫ్లెక్టరే సరిగ్గా ఉండదు. వెనక లైటుకు వైరే ఉండని ట్రక్కులూ ఉన్నాయి. వాటికి కనీసం ఎర్ర రిఫ్లెక్టర్లు బిగించమని రైతు సోదరులకు నా మనవి.

ఇక కొనడం. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, గాజువాకలోనో స్పేర్‌పార్టుల కొట్టుకు వెళ్తే సంభాషణ ఇలా సాగుతుంది. "అన్నా, ఆమ్నీకి కుడి పక్క టెయిల్ గ్లాసుందా?" "ఏ మోడల్ తమ్ముడూ? కంపెనీదా, లోకలా?" మోడల్ మాటకు జవాబు నోటితో చెప్పకండి, పగిలిన గ్లాసే చేతిలో పెట్టండి. అందుకే పగిలిన ముక్కలు పారేయొద్దంటాను. స్క్రూ రంధ్రాలు ఎక్కడున్నాయి, పసుపు భాగం పైనా కిందా, అంచు ఎంత మందం, అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కుడి ఎడమల లెక్క ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చుని చూసినట్టే. మనకు డ్రైవరు వైపే కుడి. బండి వెనక నిలబడితే తికమక ఉండదు, హెడ్‌లైటు కొనేటప్పుడే ఎదురుగా నిలబడి తప్పు చెప్తుంటారు.

గ్లాసు మీద అచ్చొత్తిన అక్షరాలు కూడా ఓసారి చదవండి. చాలావాటి మీద వలయంలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. అది ఆమోద ముద్ర, అంకె ఆమోదించిన దేశానిది. 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్. పక్కన 'ఆర్' ఉంటే వెనక దీపం, 'ఎస్1' ఉంటే బ్రేకు, '2ఎ' ఉంటే వెనక ఇండికేటరు, 'ఏఆర్' రివర్సు, 'ఐఏ' రిఫ్లెక్టరు. 'పీఎంఎంఏ' అని ఉంటే ఆ ప్లాస్టిక్ అక్రిలిక్ అని. ఈ రాతలేవీ లేనిది, ముట్టుకుంటే పలచగా వంగేది, ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. అసలుకీ నకలుకీ మధ్య తేడా ఆమ్నీ గ్లాసు విషయంలో వందల్లోనే ఉంటుంది. గ్లాసుతోపాటు దాని చుట్టూ వచ్చే రబ్బరు ప్యాకింగు కూడా అడిగి తీసుకోండి. పాతది ఎండి గిడసబారిపోయి ఉంటుంది.

పని పగటిపూట, నీడలో పెట్టుకోండి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, 10 నంబరు పానా చాలు. లైటు అంతకుముందే వేసి ఉంటే బల్బు చల్లారనివ్వండి. కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి. అక్రిలిక్ ముక్కలు గాజు పెంకుల్లాగే ఎగురుతాయి.

ఈ పనిలో అసలు పరీక్ష స్క్రూలది. పదేళ్ళ వానలు తిన్న స్క్రూ తుప్పుపట్టి తన చోట గట్టిగా కూర్చుని ఉంటుంది. స్టార్ గుర్తు సగం అరిగి ఉంటుంది. దాన్ని చేతికి అందిన స్క్రూడ్రైవరుతో తిప్పామా, మిగతా సగం కూడా అరిగి, డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. ముందు పాత బ్రష్షుతో గుంటలోని మట్టి గీకి తీయండి. రెండు చుక్కలు కిరోసిన్‌గానీ, తుప్పు వదిలించే నూనెగానీ వేసి అరగంట వదిలేయండి. కాఫీ తాగి రండి. తర్వాత గుంటలో నిండుగా కూర్చునే సైజు స్క్రూడ్రైవరు పెట్టి, దాని పిడి వెనక అరచేతి బరువంతా మోపండి. బలంలో ముప్పావు వంతు నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క పిసరు తిప్పండి. లోపల "టిక్" మని చిన్న చప్పుడు వినిపిస్తుంది, తుప్పు పట్టు వదిలిందన్నమాట. అప్పుడు విప్పే వైపు తిప్పితే మాట వింటుంది. ఆటోనగర్‌లో పాతకాపులు చేసేది ఇదే. వాళ్ళ చేతుల్లో ఏ మంత్రమూ లేదు, తొందర లేకపోవడమే.

గ్లాసు ఊడాక లోపల అద్దంలా మెరిసే గిన్నె కనిపిస్తుంది. దాన్ని గుడ్డ పెట్టి గట్టిగా రుద్దొద్దు. ఆ మెరుపు ప్లాస్టిక్ మీద వేసిన అల్యూమినియం పూత, సన్నటి పొర. రుద్దితే మెరుపు గుడ్డకు వచ్చేస్తుంది, గిన్నె నల్లబడుతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, మరీ జిడ్డుంటే సబ్బు నీళ్ళతో తడిపి ఆరనివ్వండి.

గ్లాసు పగిలిన రోజుల్లో వాన నీళ్ళు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలుస్తుంది. బల్బు తీసి హోల్డరులోకి చూడండి. ఆకుపచ్చగా, తెల్లగా చిలుము పట్టి ఉంటే ఎమరీ పేపరు సన్నగా చుట్టి గీకండి. గ్లాసు మార్చి ఇది వదిలేస్తే పని సగమే అయినట్టు. ఇక్కడే ఎర్త్ సంగతి చెప్పాలి. వెనక లైటు సెట్టులో ఉన్న బల్బులన్నిటికీ కలిపి బాడీకి వెళ్ళే తీగ ఒకటుంటుంది. దాని మొదట తుప్పు పడితే కరెంటుకు తిరిగి వెళ్ళే దారి మూసుకుపోతుంది, అప్పుడది పక్క బల్బు ఫిలమెంటులోంచి దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఫలితం విచిత్రంగా ఉంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మసగ్గా వెలుగుతుంది. ఇండికేటరు వేస్తే వెనక ఎర్ర దీపం దాంతోపాటు కన్ను కొడుతుంది. ఇది చూసి బల్బులు మార్చేవాళ్ళు, ఫ్యూజులు మార్చేవాళ్ళు, చివరికి స్విచ్చు మార్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఎర్త్ తీగ మొదలు విప్పి, తళతళలాడేలా గీకి, మళ్ళీ బిగిస్తే ఈ దయ్యం వదులుతుంది. ఖర్చు సున్నా.

బల్బు తిరిగి పెట్టేటప్పుడు ఒక మాట. వెనక దీపానికీ బ్రేకుకూ ఒకే బల్బు ఉంటే అందులో రెండు ఫిలమెంట్లుంటాయి, 5 వాట్లది ఒకటి, 21 వాట్లది ఒకటి. దాని మెడ పక్కల పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒక్క తీరులోనే కూర్చోవాలని అలా చేశారు. వదులైన పాత హోల్డరులో బలవంతంగా తిరగేసి దూర్చితే బ్రేకు తొక్కినప్పుడు సన్న వెలుగు, మామూలప్పుడు ధగధగ వస్తాయి. ఎల్‌ఈడీ బల్బు పెట్టాలనుకుంటే ఎర్ర గ్లాసు వెనక ఎరుపు ఎల్‌ఈడీయే పెట్టండి. తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు పాలు తక్కువ, గ్లాసు దాటి వచ్చేసరికి వెలుగు చిక్కిపోతుంది.

ఇప్పుడు బిగించడం. రబ్బరు ప్యాకింగు దాని గాడిలో మెలిక పడకుండా కూర్చోబెట్టండి. నీళ్ళు బయటికి పోయే చిన్న రంధ్రమో, గండో ఉంటే అది కిందికి రావాలి. అన్ని స్క్రూలూ చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించి, తర్వాత ఒక మూల కొద్దిగా, దానికి ఎదుటి మూల కొద్దిగా, అలా మార్చి మార్చి బిగించండి. రబ్బరు అణిగిందనిపించగానే ఆగిపోండి. "ఇంకొక్క చుట్టు" అన్న ఆశే కొత్త గ్లాసుల ప్రాణం తీస్తుంది. అక్రిలిక్ స్క్రూ రంధ్రం దగ్గర వెంట్రుక మందాన చిట్లుతుంది, వారం తిరిగేసరికి ఆ చిట్లు పొడుగవుతుంది. స్క్రూ మరల మీద కాస్త గ్రీజు రాస్తే వచ్చేసారి విప్పేవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు. చుట్టూ సిలికాన్ దట్టించొద్దు. మంచి ప్యాకింగు ఉంటే దాని అవసరం లేదు, పుల్లటి వాసన వేసే రకం సిలికానైతే లోపలి లోహాన్ని తినేస్తుంది కూడా. గ్లాసుకు గ్రీజు మరకలంటితే సబ్బు నీళ్ళే వాడండి. పెట్రోలు, థిన్నరు తగిలిస్తే అక్రిలిక్ మీద సాలెగూడులా పగుళ్ళు లేస్తాయి.

బ్యాటరీ తగిలించి, బండి వెనక భాగాన్ని గోడ దగ్గరికి పెట్టి, ఒక్కో లైటూ వేసి అద్దంలో గోడ మీద రంగు చూడండి. ఇంట్లో పిల్లలుంటే వెనక నిలబెట్టి "బ్రేకు పడిందా? కుడి పడిందా?" అని అరిస్తే ఇంకా మంచిది, వాళ్ళకు సరదా. బండి కదలకుండా గేరు తప్పించి హ్యాండ్ బ్రేకు వేయడం మరవకండి. తర్వాత బక్కెట్టుతో నీళ్ళు పోసి చూడండి. పొద్దున్నే లోపల పట్టిన పలచటి మంచు ఎండెక్కాక పోతే గాభరా లేదు. కింద నీళ్ళు నిలిస్తే ప్యాకింగు విప్పి మళ్ళీ పెట్టాలి.

గ్లాసు దొరికేలోపు ఏం చేయాలని అడుగుతారు. వెలుతురు చొరబడే ఎర్ర టేపులు ఈ పని కోసమే అమ్ముతారు, తుడిచి పొడిగా చేసి లోపలి తెలుపు ఎక్కడా కనిపించకుండా అంటించండి. నాలుగు రోజులకు పనికొస్తుంది, నాలుగు నెలలకు కాదు, ఎండకు వెలిసిపోతుంది. క్షణాల్లో అతికే జిగురు వాడితే అతుకు చుట్టూ బూడిద పట్టినట్టు తెల్లగా పొగచూరుతుంది. గోళ్ళ రంగు పూసినవాళ్ళనూ చూశాను. దాని గురించి మాట్లాడను. పగలని గ్లాసుకే నల్ల స్ప్రే కొట్టించుకునే కుర్రాళ్ళ గురించి మాత్రం ఒక్క మాట: డబ్బిచ్చి మరీ వెనకవాడి కళ్ళు మూయడమది.

చివరగా బీమా. ఆమ్నీ గ్లాసుకు క్లెయిము ఆలోచనే వద్దు. 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములోనూ మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, గ్లాసు ధర అంతకు లోపే. కొత్త కారు సెట్టు 8000 రూపాయలనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు తీసేస్తారు, 4000 మిగిలింది. అందులో ఆ 1000 పోతే చేతికొచ్చేది 3000. క్లెయిము చేసినందుకు, ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. సొంత నష్టం ప్రీమియం 10,000 ఉండి, 50 శాతానికి చేరినవారైతే 3000 కోసం వచ్చే ఏడు 5000 వదులుకున్నట్టు. తరుగు తీయని అదనపు పాలసీ ఉంటే లెక్క మారుతుంది. మీ పాలసీ కాగితం తీసి చేతికొచ్చేదెంతో, వదులుకునేదెంతో చూసుకున్నాకే ఏజెంటుకు ఫోను చేయండి.